మొరాన్‌బాలో ఇల్లు కొంటే అద్దే లోన్ కట్టేస్తుందా? అపోహలు - వాస్తవాలు

"అన్నా, మొరాన్‌బాలో ఒక ఇల్లు చూశా. ఏడాది అద్దె ఇంటి ధరలో పది శాతం వస్తుందట. బ్రిస్బేన్‌లో నాలుగు కూడా గిట్టట్లేదు కదా!"

మొరాన్‌బా అంటే ఆస్ట్రేలియాలో, క్వీన్స్‌లాండ్ రాష్ట్రంలోని బొగ్గు గనుల ఊరు. నెలకు ఒకరైనా ఇలా ఫోన్ చేస్తారు. హోమ్ లోన్లు ఇప్పించడమే నా పని. "తీసేసుకో తమ్ముడూ" అంటే నాకు కమిషన్ కూడా వస్తుంది. అయినా అనలేను.

అపోహ: అద్దె శాతం ఎక్కువుంటే మంచి బేరం.

వాస్తవం: ఆ శాతం ఎక్కువ కనబడేది ఇంటి ధర తక్కువ కాబట్టి. ధర ఎందుకు తక్కువ? ఆ గనుల్లో పనిచేసేవాళ్ళే అక్కడ కొనడానికి జంకుతారు కాబట్టి. మొరాన్‌బా 1970 ప్రాంతంలో బొగ్గు గనుల కోసమే కట్టిన ఊరు. అక్కడ తవ్వేది ఎక్కువగా ఉక్కు తయారీకి వాడే కోకింగ్ కోల్. 2011లో క్వీన్స్‌లాండ్ వరదలకు గనుల్లో నీళ్ళు చేరి, టన్ను ధర 330 అమెరికన్ డాలర్లకు పోయింది. మరుసటి ఏడాదికి ఊళ్ళో ఇంటి మీడియన్ (మధ్యస్థ) ధర 7 లక్షల ఆస్ట్రేలియన్ డాలర్లు దాటింది. 2016 మొదట్లో అదే బొగ్గు 81 డాలర్లు. ఇళ్ళు 2 లక్షల దరిదాపులకు పడిపోయాయి.

2012లో నేను అక్కడే అద్దెకుండేవాణ్ణి. ముగ్గురం పంచుకున్నా జీతంలో పెద్ద ముక్క పోయేది. మూడేళ్ళ తర్వాత ఆ ఓనరే ఫోన్ చేసి, "ఇల్లు ఖాళీగా పడుంది, ఎవరైనా ఉంటే చెప్పు, ఎంతిచ్చినా సరే" అన్నాడు. అమ్మేసినా అప్పు తీరదు. తాళాలు బ్యాంకు చేతిలో పెట్టినా మిగిలిన బాకీ ఆయన నెత్తిమీదే ఉంటుంది. మోర్ట్‌గేజ్ ఇన్సూరెన్స్ (డిపాజిట్ తక్కువైతే బ్యాంకు కట్టించే బీమా) ఉంది కదా అంటారు. ప్రీమియం మీరు కడతారు, రక్షణ బ్యాంకుకు! ఆ ఇన్సూరెన్స్ కంపెనీ తర్వాత మీ వెంటే పడుతుంది.

నేను పెరిగింది కొత్తగూడెం సింగరేణి క్వార్టర్లలో. గనిని నమ్ముకునే అన్నం తిన్నాం. నాన్న ఇల్లు మాత్రం ఖమ్మంలో కట్టారు.

అపోహ: గని నడుస్తుంటే ఇల్లు ఖాళీగా ఉండదు.

వాస్తవం: చాలామంది విమానంలో వచ్చి, షిఫ్టులున్నన్ని రోజులు క్యాంపులో పడుకుని వెళ్ళిపోతారు. పైగా ఊళ్ళో కంపెనీలకే బోలెడు ఇళ్ళున్నాయి. వాటిలో కొన్నిటిని అద్దెకు వదిలినా మీ ఇంటి అద్దె దిగుతుంది.

అపోహ: ఇంటి ధరలో పది శాతం మన చేతినుంచి డిపాజిట్ పెడితే చాలు, మిగతాది లోన్ వస్తుంది.

వాస్తవం: చాలా బ్యాంకులు పోస్ట్‌కోడ్ చూస్తాయి. మైనింగ్ టౌన్ అయితే 20, 30 శాతం అడుగుతాయి. వాళ్ళ భయంలోనూ సమాచారం ఉంది, చదువుకోండి.

ఆస్ట్రేలియాలో తాత్కాలిక వీసాపై ఉన్నవాళ్ళు ఇప్పటికే కట్టి ఉన్న ఇళ్ళు కొనకుండా 2025 ఏప్రిల్ 1 నుంచి రెండేళ్ళ నిషేధం పెట్టారు. "మా ఫ్రెండ్ కొన్నాడు" అనకండి, ఎప్పుడు కొన్నాడో అడగండి.

ఇక "అది ఎడారి, బతకలేం" అనే మాట. స్కూళ్ళు, ఆసుపత్రి, సూపర్‌మార్కెట్ అన్నీ ఉన్నాయి. ఎండ, దుమ్ము నిజమే. కందిపప్పుకు మాకే అనే నగరందాకా పోవాలి, దారిలో సాయంత్రం కంగారూలతో జాగ్రత్త. ఉద్యోగం వస్తే నిక్షేపంగా వెళ్ళండి, అద్దెకుండండి.

ఇప్పటికే కొని నిద్రపట్టనివాళ్ళకు ఒక మాట. వాయిదా తప్పకముందే బ్యాంకు హార్డ్‌షిప్ విభాగానికి (వాయిదాలు కట్టలేక ఇబ్బందిపడేవాళ్ళ కోసం ఉండేది) ఫోన్ చేయండి. చట్టప్రకారం సాధారణంగా 21 రోజుల్లో జవాబివ్వాలి. మా ఓనరు సిగ్గుపడి ఏడాది పాటు క్రెడిట్ కార్డుతో నెట్టుకొచ్చాడు.