మీట నొక్కింది మేం కాదంటే సరిపోతుందా?

అణుబాంబు తయారుచేసిన శాస్త్రవేత్తల గురించి ఎక్కడ మాటొచ్చినా ఒక వాదన తప్పకుండా వినిపిస్తుంది. కత్తి చేసిన కమ్మరిది తప్పెలా అవుతుంది, పొడిచినవాడిది కదా అని. వినడానికి సబబుగానే ఉంటుంది. కానీ కమ్మరికి తన కత్తి ఎవరి చేతికి పోతుందో తెలీదు, దాంతో కూరగాయలు తరుగుతారో పీకలు కోస్తారో తెలీదు. అమెరికాలో బాంబు తయారుచేసిన లాస్ అలమోస్ ప్రయోగశాలలో పనిచేసినవాళ్లకు ఆ వస్తువు ఎవరి చేతికి వెళ్తుందో తెలుసు, దానికున్న ఉపయోగం ఒక్కటేనని తెలుసు. వాళ్లలో కొందరికైతే ఏ ఊళ్ల మీద వేస్తారో కూడా తెలుసు.

ఈ ఊళ్ల సంగతి కాస్త వివరంగా చెప్పుకోవాలి. జర్మనీ 1945 మే 8న లొంగిపోయింది. ఆ వెంటనే, మే 10, 11 తేదీల్లో, లాస్ అలమోస్‌లో, ఆ ప్రయోగశాల డైరెక్టర్ ఓపెన్‌హైమర్ ఆఫీసులోనే లక్ష్యాలను ఎంపిక చేసే కమిటీ సమావేశమైంది. సైనికాధికారుల పక్కన జాన్ వాన్ నాయ్‌మన్ లాంటి గణిత మేధావి, బ్రిటన్ నుంచి వచ్చిన విలియం పెన్నీ, ఇంకా చాలామంది శాస్త్రవేత్తలు కూర్చున్నారు. చర్చకొచ్చిన మొదటి అంశం బాంబును నేలకు ఎంత ఎత్తున పేల్చాలన్నది. నేల మీద పేలిస్తే శక్తిలో చాలా భాగం గొయ్యి తవ్వడానికే ఖర్చయిపోతుంది. గాల్లో పేలిస్తే విస్ఫోట తరంగం కిందికొచ్చి, నేలను తాకి, మళ్లీ పైకి లేస్తుంది. అలా లేచిన తరంగం అప్పటికే వేడెక్కి ఒత్తుకుపోయిన గాలిలోంచి వెళ్తుంది కాబట్టి వేగంగా వెళ్లి ముందున్న తరంగాన్ని అందుకుంటుంది. రెండూ కలిసి ఇంకా బలంగా నేల వెంట పరుగెడతాయి. ఈ కలయిక మామూలు ఇళ్లను ఎక్కువ దూరం వరకు కూల్చాలంటే ఎంత ఎత్తు సరైనది అన్నదే లెక్క. హిరోషిమా మీద బాంబు దాదాపు 600 మీటర్ల ఎత్తున పేలింది. ఆ ఎత్తు నిర్ణయించాలంటే భౌతికశాస్త్రం రావాలి, ఇళ్లు ఎంత ఒత్తిడికి కూలతాయో తెలియాలి, అవి రెండూ తెలిసినవాళ్లే ఆ గదిలో కూర్చుని ఆ పని చేశారు.

ఆ సమావేశం నోట్సులో ఇంకా ఉంది. హిరోషిమా చుట్టూ ఉన్న కొండలు పేలుడు దెబ్బను ఒకచోట కేంద్రీకరించి నష్టాన్ని పెంచే అవకాశం ఉందని రాసుకున్నారు. క్యోటో చదువుకున్నవాళ్లున్న నగరం కాబట్టి అక్కడి జనానికి ఇలాంటి ఆయుధం అంటే ఏమిటో బాగా అర్థమవుతుందని రాసుకున్నారు. చివరికి క్యోటోను జాబితాలోంచి పట్టుబట్టి తీయించింది ఎవరంటే యుద్ధ మంత్రి హెన్రీ స్టిమ్సన్, అంటే ఒక రాజకీయ నాయకుడు. ఇది చదివాక కూడా "సైన్స్ మాది, నిర్ణయం వాళ్లది" అన్న మాట నమ్మాలంటే నా వల్ల కావడం లేదు. ఆ ఏడాది చివరికి హిరోషిమాలో సుమారు 1,40,000 మంది, నాగసాకిలో 70,000 మందికి పైగా చనిపోయారు.

అలాగని వాళ్లంతా కిరాతకులని నేననడం లేదు. అణువిచ్ఛిత్తి, అంటే బాంబుకు మూలమైన అణుకేంద్రకం చీలిక, బయటపడింది 1938 డిసెంబరులో, బెర్లిన్‌లో. హిట్లర్ చేతిలోంచి తప్పించుకుని వచ్చినవాళ్లకు ఆ వార్త ఎంత టెన్షన్ పెట్టి ఉంటుందో ఊహించొచ్చు. వాళ్లలో ఒకడైన భౌతికశాస్త్రవేత్త లియో జిలార్డ్ ఐన్‌స్టీన్ దగ్గరికెళ్లి 1939 ఆగస్టు 2 తేదీతో అధ్యక్షుడు రూజ్‌వెల్ట్‌కి ఉత్తరం మీద సంతకం పెట్టించింది జర్మనీ ముందే బాంబు చేసేస్తుందన్న ఆ భయంతోనే. వాళ్ల స్థానంలో నేనున్నా అదే చేసేవాణ్ణేమో. నా ప్రశ్న ఆ తర్వాతి సంగతి గురించి. భయపడ్డ బాంబు అవతలివాడి దగ్గర లేదని తేలాక ఏం చేశారు?

1944 చివరికల్లా జర్మనీ ఆ ప్రయత్నంలో ఎక్కడో వెనకబడిపోయిందని ఆధారాలు దొరికాయి. అది తెలిశాక తన మనస్సాక్షి మాట విని ప్రాజెక్టు వదిలేసి వెళ్లిపోయిన శాస్త్రవేత్తగా మనకు గుర్తుండేది ఒక్కడే, పోలండ్ నుంచి వచ్చిన జోసెఫ్ రాట్‌బ్లాట్. అతని భార్య పోలండ్‌లోనే చిక్కుకుపోయి నాజీల హత్యాకాండలో చనిపోయింది, అంటే పగతో అక్కడే ఉండిపోవడానికి మిగతావాళ్ల కంటే అతనికే ఎక్కువ కారణం ఉంది. అయినా వెళ్లిపోయాడు. వెళ్లేటప్పుడు గూఢచారి అన్న అనుమానం కూడా మోయాల్సి వచ్చింది. మిగిలినవాళ్లు ఎందుకు ఆగలేదంటే, వాళ్లలో ఒకడైన రిచర్డ్ ఫైన్‌మన్ తర్వాతి కాలంలో నిజాయితీగానే చెప్పాడు: ఒక మంచి కారణంతో పని మొదలుపెడతాం, పనిలో పడతాం, అది ఆనందంగా ఉంటుంది, ఇక ఆలోచించడం మానేస్తాం అని. అక్కడే పనిచేసిన రాబర్ట్ విల్సన్ అయితే జర్మనీ ఓడిపోయినప్పుడు బయటికి నడవాలన్న ఊహే తనకు రాలేదని చాలా ఏళ్లు బాధపడ్డాడు. నాకు భయం కలిగించేది ఇదే. ఎవరూ కూర్చుని "లక్షమందిని చంపుదాం" అని తీర్మానించుకోలేదు, కారణం మాయమైపోయినా పని మాత్రం ఆ ఊపులోనే సాగిపోయింది, ఎందుకంటే లెక్కలు కుదురుతున్నాయి, గడువు దగ్గరపడుతోంది, పక్కనున్నవాళ్లు అందరూ తెలివైనవాళ్లు.

ఇదే బాంబు పని మీద షికాగోలో ఉన్న శాస్త్రవేత్తలు కొందరు ఆలోచించారు. 1945 జూన్‌లో జేమ్స్ ఫ్రాంక్ నాయకత్వంలో ఒక నివేదిక ఇచ్చారు, ముందు ఎడారిలోనో జనం లేని దీవిలోనో పేల్చి ప్రపంచానికి చూపించండి అని, హెచ్చరిక లేకుండా వేస్తే ఆయుధాల పోటీ ఖాయమని. జులైలో జిలార్డ్ రాసిన వినతిపత్రం మీద 70 మంది సంతకాలు పెట్టారు. అది అధ్యక్షుడు ట్రూమన్ కంటపడేలోపే పని అయిపోయింది. ఇదే సమయంలో ఓపెన్‌హైమర్, ఫెర్మీ, లారెన్స్, కాంప్టన్ అనే నలుగురు భౌతికశాస్త్రవేత్తలున్న సలహా బృందం జూన్ 16న ఇచ్చిన అభిప్రాయం చూడండి. యుద్ధాన్ని ముగించగల ప్రదర్శన ఏదీ మాకు తోచడం లేదు, నేరుగా వాడటం తప్ప మార్గం కనబడటం లేదు అన్నారు. రాజకీయ, సైనిక సమస్యల్లో మాకు ప్రత్యేకమైన నైపుణ్యం ఏమీ లేదని కూడా అదే కాగితంలో అన్నారు. నైపుణ్యం లేనప్పుడు సలహా ఎందుకిచ్చినట్టు? సలహా ఇచ్చాక బాధ్యత ఎవరిమీదకి నెట్టినట్టు? 1947లో ఓపెన్‌హైమర్ భౌతికశాస్త్రవేత్తలు పాపం అంటే ఏమిటో తెలుసుకున్నారని బహిరంగంగా అన్నాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే అది, పైగా కాలినవి ఇక్కడ వేరేవాళ్లవి.

"మనం చేయకపోతే ఇంకొకడు చేస్తాడు" అనేవాళ్లుంటారు. చేస్తాడు, నిజమే. అణువిచ్ఛిత్తికి సరైన వివరణ ఇచ్చినవాళ్లలో ఒకరైన లీసా మైట్నర్ బాంబుతో నాకేం సంబంధం వద్దని చెప్పేసింది, బాంబు ఆగలేదు. 1957లో ఓటో హాన్, మాక్స్ బార్న్, హైసెన్‌బర్గ్ సహా 18 మంది పశ్చిమ జర్మనీ శాస్త్రవేత్తలు అణ్వాయుధాల తయారీలో, పరీక్షల్లో పాల్గొనేది లేదని ప్రకటించారు, మిగతా దేశాలు ఆగలేదు. కానీ పని ఆగడం ఒకటి, నా చేత్తో జరగకపోవడం ఇంకొకటి. ఇంకొకడు చేస్తాడన్న వాదనతో ఏ పనైనా చేసేయొచ్చు, అందుకే అది వాదనే కాదంటాను.

పైగా బయటికొచ్చినవాడు ఊరికే ఉండిపోడు. 1954 మార్చి 1న పసిఫిక్ సముద్రంలోని బికినీ దీవి దగ్గర అమెరికా 'బ్రావో' హైడ్రోజన్ బాంబును పరీక్షించింది. దాదాపు 6 మెగాటన్నుల శక్తి వస్తుందనుకుంటే 15 వచ్చింది (ఒక మెగాటన్ను అంటే పది లక్షల టన్నుల టీఎన్‌టీ పేలుడు పదార్థంతో సమానం). ఇంధనంలోని లిథియంలో ఎక్కువ భాగం లిథియం-7 అనే రకం. అది పేలుడులో పాల్గొనదని లెక్కల్లో వదిలేశారు, కానీ వేగంగా వచ్చే న్యూట్రాన్లు తగిలి అదీ ట్రిటియంను, అంటే పేలుడును పెంచే బరువైన హైడ్రోజన్‌ను పుట్టించింది. ఆ పొరపాటుకు మూల్యం చెల్లించినవాళ్లలో ప్రమాద ప్రాంతం బయట చేపలు పడుతున్న జపాన్ పడవలోని 23 మంది ఉన్నారు, వాళ్ల మీద రేడియోధార్మిక బూడిద కురిసింది, వాళ్ల రేడియో ఆపరేటర్ ఆ సెప్టెంబరులో చనిపోయాడు. ప్రభుత్వం వివరాలు దాచింది. జపాన్‌వాళ్లు సేకరించిన బూడిద వివరాలను బట్టి లెక్కలు వేసి, శక్తిలో చాలా భాగం బయటి యురేనియం పొర నుంచే వచ్చిందని, అందుకే ఇంత కాలుష్యమని బయటపెట్టింది ఎవరో కాదు, ఆ రాట్‌బ్లాటే. బాంబు ఎలా పనిచేస్తుందో తెలిసినవాడు కాబట్టే చెప్పగలిగాడు.

సోవియట్‌లో హైడ్రోజన్ బాంబు తయారీలో ముఖ్యుడైన ఆండ్రీ సఖరోవ్ కథ ఇంకా కష్టంగా ఉంటుంది. ఒక్కో మెగాటన్ను పరీక్షకూ రాబోయే తరాల్లో సుమారు 10,000 మంది బలవుతారని 1958లో తనే లెక్కగట్టి ప్రచురించాడు. పేలుళ్లలో పుట్టి గాలిలోకి చేరిన కార్బన్-14 అనే రేడియోధార్మిక కార్బన్ వేల ఏళ్లు పోదు కదా. అంతా తెలిసీ 1961లో 50 మెగాటన్నుల బాంబు రూపకల్పనలో ఉన్నాడు. పరీక్షలు ఆపించాలని లోపలి నుంచి చేసిన ప్రయత్నాల్లో చాలావరకు ఓడిపోయాడు, ఆ తర్వాత గోర్కీ నగరంలో దాదాపు ఏడేళ్లు ప్రవాసం అనుభవించాడు. లోపల ఉండి మారుద్దాం అనుకునేవాళ్లు ఇతని జీవితం ఒకసారి చదవాలి.

ఇక హాన్స్ బెతే. లాస్ అలమోస్ సిద్ధాంత విభాగానికి అధిపతి, పేల్చే ఎత్తు మీద చర్చకు మే నెల సమావేశానికి పిలిపించిన మనిషి. యాభై ఏళ్ల తర్వాత, 1995లో, 89 ఏళ్ల వయసులో, అన్ని దేశాల శాస్త్రవేత్తలూ అణ్వాయుధాలను తయారుచేసే, మెరుగుపరిచే పనులు మానేయాలని పిలుపునిచ్చాడు. 1997లో అధ్యక్షుడు క్లింటన్‌కు రాస్తూ ఇంకో మెట్టు ముందుకెళ్లాడు. కొత్త రకం ఆయుధాల రూపకల్పనకు ఉపయోగపడే కంప్యూటర్ ప్రయోగాలకు కూడా డబ్బివ్వొద్దన్నాడు. ఇప్పుడు ఎడారిలో పేలుళ్లు లేవు, పని సూపర్‌కంప్యూటర్ల మీద, లేజర్ల దగ్గర నడుస్తోంది. అక్కడ ఉద్యోగంలో చేరే యువ శాస్త్రవేత్తకు తన ప్రోగ్రామ్ పాత బాంబును కాపాడటానికో కొత్తది గీయడానికో చాలాసార్లు ఎవరూ చెప్పకపోవచ్చు. అడగాల్సింది చేరకముందే.