పునీతులను అడగవచ్చా? విశాఖలో ఒక పాత తగాదా వెనుక కథ

డిసెంబరు 8 వచ్చిందంటే విశాఖ పాత పట్నంలో హార్బరు పక్కనున్న రాస్ హిల్ కిటకిటలాడుతుంది. అమలోద్భవి మాత పండుగ అది. జపమాల చెప్పుకుంటూ కొండెక్కే కథోలికులతో పాటు, మొక్కు తీర్చుకోవడానికి వచ్చిన హిందూ కుటుంబాలూ కనిపిస్తాయి. ఇదే ఊళ్లో ఈ కొండెక్కడాన్నే తప్పుపట్టే సంఘాలకూ కొదవ లేదు. అక్కడ పాస్టర్లు ఎక్కువగా ఎత్తి చూపే వచనం పౌలు తిమోతికి రాసిన మొదటి పత్రికలోది: “దేవుడొక్కడే, దేవునికిని నరులకును మధ్యవర్తియు ఒక్కడే, ఆయన క్రీస్తుయేసను నరుడు.” మధ్యవర్తి ఒక్కడే అయినప్పుడు మరియమ్మను అడగడమేమిటి, పునీతుడని (సెయింట్ అని) కథోలికులు గౌరవించే అంతోనివారికి మంగళవారం మొక్కుకోవడమేమిటి అని వాళ్ల ప్రశ్న.

ఆర్.సి.ఎం. (రోమన్ కథోలిక) అమ్మాయిని బాప్టిస్టు ఇంటికి ఇచ్చినప్పుడు ఈ ప్రశ్న గోడమీద పటం దగ్గరికి వస్తుంది. మాత పటం ఉంచాలా, తీసేయాలా? ఆ తగాదాలో సాధారణంగా వినిపించే మాట “మీరు మరియమ్మను పూజిస్తారు, మేం దేవుణ్ని పూజిస్తాం” అని. ఆ మాటతో వాదన తేలిగ్గా గెలవవచ్చేమో గానీ అసలు విషయం తెలియదు. మరియను ఆరాధించమని కథోలిక సభ ఎక్కడా చెప్పలేదు. రెండు వర్గాలూ నిజంగా విడిపోయేది ఇంకా ఇరుకైన చోట: చనిపోయి క్రీస్తు దగ్గరున్నవాళ్లకు మన మాట వినిపిస్తుందా? వినిపించినా, వాళ్లను అడగడానికి మనకు అనుమతి ఉందా?

ఈ ప్రశ్న పదహారో శతాబ్దంలో ప్రొటెస్టెంటు సంస్కరణ మొదలుపెట్టిన లూథరుతో పుట్టలేదు. మొదటి మూడు శతాబ్దాల్లో రోమా ప్రభుత్వం క్రైస్తవులను చంపుతున్నప్పుడు, చనిపోయినవాళ్ల సమాధుల దగ్గర విశ్వాసులు చేరేవారు. స్ముర్న పెద్ద పోలికార్పును దాదాపు 155 ప్రాంతంలో కాల్చి చంపాక ఆ సంఘం రాసిన ఉత్తరంలో ఈ తేడా అప్పుడే కనిపిస్తుంది. క్రీస్తును ఆరాధిస్తాం, హతసాక్షులను ఆయన శిష్యులుగా ప్రేమిస్తాం అని దాని సారాంశం. అంటే ‘మీరు ఈయన్ని కూడా దేవుణ్ని చేస్తారు’ అన్న ఆరోపణ అప్పటికే బయటినుంచి ఉందన్నమాట. రోములో అప్పియా దారి పక్కన సెయింట్ సెబాస్టియన్ సమాధి గుహల్లో, మూడో శతాబ్దపు ద్వితీయార్ధం నాటి గోడల మీద భక్తులు గీకిన రాతలు వందల్లో దొరికాయి. పౌలూ, పేతురూ, ఫలానా అతని కోసం అడగండి, మమ్మల్ని గుర్తుంచుకోండి అని వాటిలో కొన్ని చెబుతాయి. అవి పండితుల సిద్ధాంతాలు కావు, మామూలు జనం రాతలు. ఆచారం ముందు పుట్టింది, దానికి వాదన తర్వాత వచ్చింది.

ఆ వాదన పదునెక్కింది 406లో. గాల్ (నేటి ఫ్రాన్స్) ప్రాంతపు గురువు విజిలాంటియుస్ సమాధుల దగ్గర పగటిపూట కొవ్వొత్తులు వెలిగించడాన్ని, హతసాక్షుల అవశేషాలను ముద్దుపెట్టుకోవడాన్ని ఎగతాళి చేశాడు. మనం బతికున్నంత కాలం ఒకరికోసం ఒకరం ప్రార్థించవచ్చు, చనిపోయాక ఎవరి ప్రార్థనా ఇంకొకరికోసం వినబడదు అన్నాడు. బేత్లెహేములో ఉన్న బైబిలు పండితుడు జెరోముకు అది చేరింది. కోపమొస్తే పట్టలేని మనిషి కదా, ఒక్క రాత్రిలో జవాబు చెప్పి రాయించాడు. శరీరంతో ఉండగా, తమ గురించే బెంగపడాల్సిన స్థితిలో అపొస్తలులు ఇతరులకోసం ప్రార్థించగలిగితే, కిరీటం పొందాక ఎందుకు ప్రార్థించలేరు అన్నది అతని తర్కం. విజిలాంటియుస్ రాసిందేదీ మిగల్లేదు. అతని మాటలు మనకు తెలిసేది జెరోము తిట్లలోంచే. ఓడిపోయినవాడి వాదనను గెలిచినవాడి నోట వింటున్నాం కాబట్టి కొంచెం జాగ్రత్తగా వినాలి. కానీ ఈ రోజు ఏ కాలనీలో ప్రార్థన కూడికలో వాదన లేచినా అది ఈ రెండు వాక్యాల మధ్యే నడుస్తుంది.

తర్వాతి వెయ్యేళ్లు త్వరగా చెప్పుకోవచ్చు. 431లో ఎఫెసు మహాసభ మరియను దేవమాత అని పిలవవచ్చంది. 787లో నికేయాలో కూడిన రెండో మహాసభ దేవునికి మాత్రమే చెందే ఆరాధన వేరు, పటాలకు, పునీతులకు ఇచ్చే గౌరవం వేరు అని గీత గీసింది. 993లో ఆగ్స్‌బర్గ్ బిషప్ ఉల్రిక్‌ను పోపు పునీతుడిగా ప్రకటించడం, రికార్డుల్లో ఉన్నంతవరకు, పోపు చేసిన మొదటి ప్రకటన. గీత కాగితం మీద బాగానే ఉంది. మధ్యయుగాల ఊళ్లలో మాత్రం అది చెరిగిపోయింది. పంటినొప్పికొకరు, పిడుగుకొకరు, పోయిన వస్తువుకొకరు అన్నట్టు పునీతులు శాఖలు పంచుకున్నారు. 1505లో స్టోటెర్న్‌హైమ్ దగ్గర ఉరుముల వానలో చిక్కుకున్న ఇరవై ఒక్కేళ్ల కుర్రాడు “పునీత అన్నమ్మా, కాపాడు, సన్యాసినవుతాను” అని మొక్కుకున్నది ఆ లోకంలోనే. ఆ కుర్రాడు మార్టిన్ లూథర్. మొక్కు తీర్చుకుని మఠంలో చేరాడు కూడా.

లూథర్ మరియను తీసిపారేయలేదు. 1521లో ఆమె స్తుతిగీతానికి వ్యాఖ్యానం రాశాడు. లూథరనుల మూలపత్రమైన 1530 నాటి ఆగ్స్‌బర్గ్ ఒప్పుకోలు 21వ అంశంలో పునీతులను గుర్తుచేసుకోండి, వాళ్ల విశ్వాసాన్ని అనుసరించండి అని ఉంది. వాళ్లను పిలవమని, సహాయం అడగమని లేఖనం నేర్పలేదు అని కూడా ఉంది. మరుసటి ఏడాది దాన్ని సమర్థిస్తూ లూథర్ సహచరుడు మెలాంక్తన్ ఇంకో అడుగు వేశాడు: పరలోకంలో పునీతులు సంఘమంతటికోసం ప్రార్థిస్తుండవచ్చు, ఒప్పుకుంటాం, అంతమాత్రాన వాళ్లను పిలవాలని అర్థం కాదు. మన లూథరన్ సంఘాల్లో ఈ సంగతి తెలిసినవాళ్లు అరుదు. జెనీవా సంస్కర్త కాల్విన్ ఇంత మెత్తగా లేడు. పునీతులను మధ్యవర్తులుగా పెట్టుకోవడం క్రీస్తును అవమానించడమేనన్నాడు. ఇంగ్లండు సంఘపు 39 అంశాల్లో 22వది పునీతులను పిలవడాన్ని ఆధారంలేని కల్పన అని కొట్టేసింది.

రోము జవాబు 1563 డిసెంబరులో ట్రెంటు మహాసభ చివరి సమావేశంలో వచ్చింది. పునీతులు మనకోసం ప్రార్థిస్తారు, వాళ్లను వేడుకోవడం ‘మంచిది, ఉపయోగకరమైనది’ అంది. ‘తప్పనిసరి’ అనలేదు. మూఢనమ్మకాలను, డబ్బు ఆశను ఈ భక్తిలోంచి తీసేయమని బిషప్పులకు ఆజ్ఞ కూడా ఇచ్చింది. కథోలికులు మరియమ్మకు చెప్పుకునే మంగళవార్త జపం ఇప్పటి రూపంలో స్థిరపడింది 1568లో, అయిదో పయస్ పోపు ప్రార్థనల గ్రంథంతో. ఆ జపంలో మొదటి సగం లూకా సువార్తలో దూత, ఎలీసబెతు పలికిన మాటలు. అందులో ఏ బాప్టిస్టుకూ అభ్యంతరం ఉండదు. గొడవంతా “పాపాత్ములమై ఉండెడి మా కొరకు” ప్రార్థించమని అడిగే రెండో సగంతోనే.

ఇక విశాఖ. 1805లో లండన్ మిషనరీ సొసైటీ తరఫున జార్జ్ క్రాన్, అగస్టస్ డెస్ గ్రాంజెస్ ఇక్కడ దిగారు. అయిదారేళ్లలోనే ఇద్దరూ చనిపోయారు గానీ, క్రైస్తవం స్వీకరించిన బ్రాహ్మణుడు ఆనందరాయర్ సాయంతో మొదలైన అనువాదంలో మూడు సువార్తలు 1812 నాటికి సేరంపూర్‌లో అచ్చయ్యాయి. ఈ సొసైటీలో ఎక్కువమంది కాంగ్రిగేషనల్ సంఘాలవాళ్లు, అంటే కాల్విన్ దారిలో వచ్చినవాళ్లు. 1870ల్లో కెనడా బాప్టిస్టులు కాకినాడ, భీమిలి, బొబ్బిలి వైపు పని మొదలుపెట్టారు. దొరల కోసం కట్టిన పాత పట్నం ఆంగ్లికన్ చర్చి ఇంగ్లండు సంఘానిది, అంటే ఆ 39 అంశాలది.

కథోలికుల వైపు 1846లో ఫ్రాన్సిస్ డి సేల్స్ మిషనరీలు ఓడ దిగారు. ఆల్ప్స్ కొండల్లోని అన్సీ నుంచి వచ్చినవాళ్లు. జ్ఞానాపురంలో పునీత పేతురు కథీడ్రల్, పాత పట్నంలో సెయింట్ అలోషియస్ స్కూలు వాళ్ల కాలం గుర్తులే. వాళ్లు ఎవరి పేరు పెట్టుకున్నారో చూస్తే నాకు ఈ కథంతా ఆసక్తిగా అనిపిస్తుంది. ఫ్రాన్సిస్ డి సేల్స్ 1602 నుంచి జెనీవా బిషప్. కానీ జెనీవా కాల్విన్ ఊరు, అందులో కథోలిక బిషప్ కాపురం పెట్టలేడు. అందుకే అన్సీలో ఉండేవాడు. అంతకుముందు 1594లో కాల్విన్ బాటలో ఉన్న షబ్లే ప్రాంతానికి వెళ్తే అతని ప్రసంగం వినడానికే జనం రాలేదు. దాంతో కరపత్రాలు రాసి తలుపుల కింద నుంచి తోసేవాడు. వాటిలో చర్చ సంఘం, పోపు, లేఖనం, సంస్కారాల గురించి, అంటే కాల్విన్ వర్గంతో ఉన్న అసలు తగాదాల గురించే. (ఆ కరపత్రాల పుణ్యాన 1923లో పత్రికా రచయితల పాలక పునీతుడయ్యాడు.) అంటే జెనీవా వారసులూ, జెనీవాలో కాపురం పెట్టలేని బిషప్ వారసులూ నాలుగు దశాబ్దాల తేడాతో ఒకే తెలుగు రేవులో దిగారు. మన పూర్వీకులు ఇంకా బాప్తిస్మమో జ్ఞానస్నానమో తీసుకోకముందే తగాదా సిద్ధంగా ఉంది.

ఇక్కడికొచ్చాక దానికి ఒక కొత్త అంచు చేరింది. యూరప్‌లో ఇది ప్రధానంగా మధ్యవర్తిత్వం గురించిన వాదన. తెలుగునాట విగ్రహం గురించిన వాదనయింది. ఊరి దేవతను వదిలి, బంధువుల మాటలు పడి, సంఘంలో చేరిన మొదటి తరానికి ఇంకో కొండమీద ఇంకో తల్లి బొమ్మ ముందు దండలు, కొవ్వొత్తులు, తలనీలాలు కనిపిస్తే ఎలా ఉంటుంది? గుణదలలో ఫిబ్రవరి పండుగకు తలనీలాలిచ్చేవాళ్లను చూసి ప్రొటెస్టెంట్లు ముఖం తిప్పుకునేది మెలాంక్తన్‌ను చదివి కాదు. అలాగని కథోలికులకు ఆ భక్తిలో అమ్మవారేమీ కనబడదు, కానాలో ద్రాక్షరసం అయిపోయిందని కొడుకుతో చెప్పిన తల్లి కనబడుతుంది.

పది ఆజ్ఞల దగ్గర కూడా ఈ అపార్థం ముదురుతుంది. విగ్రహం చేసుకోకూడదన్న ఆజ్ఞను కథోలికులు ఎగరగొట్టారని బాప్టిస్టు సండే స్కూలు పిల్లలకు చెప్పడం కద్దు. నిజానికి అది లెక్కలో తేడా. అగస్టీన్ లెక్కలో ఆ వాక్యం మొదటి ఆజ్ఞలో భాగం, కాల్విన్ వర్గం లెక్కలో విడిగా రెండో ఆజ్ఞ. లూథరనులూ అగస్టీన్ లెక్కే వాడతారు, వాళ్ల మీద ఎవరూ ఈ నింద వేయరు.

నేవీ, స్టీల్ ప్లాంట్ ఉద్యోగాలతో వచ్చిన మలయాళీలు ఈ కథకు ఇంకో ముడి వేశారు. ఆర్థొడాక్సు సిరియన్లు పునీతులను అడుగుతారు. మార్తోమా సంఘంవాళ్లు అడగరు, ఎందుకంటే 1837లో మారామన్ గ్రామంలో అబ్రహాం మల్పాన్ అనే గురువు, జనం మొక్కుకునే పునీతుడి చెక్కబొమ్మను బావిలో పడేయించి సంస్కరణ మొదలుపెట్టాడు. రాస్ హిల్ పక్కనే ఉన్న దర్గా కొండ మీదా ఇలాంటి ప్రశ్నే ఉంది. వలీ (ముస్లిం పుణ్యపురుషుడు) సమాధి దగ్గర అడగడం తప్పని వాదించే ముస్లింలూ, తప్పు లేదనే ముస్లింలూ ఈ ఊళ్లోనే ఉన్నారు.

నేటి వాదనలో కథోలికులు వేసే ఎదురు ప్రశ్న ఒకటి గట్టిది. మీరు జ్వరమొస్తే పాస్టర్ గారికి వాట్సాప్‌లో ప్రార్థన విన్నపం పెడతారు, తల మీద చెయ్యి పెట్టించుకుంటారు, అప్పుడు క్రీస్తు మధ్యవర్తిత్వానికి లోటు రాలేదా? దీనికి ప్రొటెస్టెంటు జవాబూ గట్టిదే: పాస్టర్ గారు బతికున్నారు, చెబితే వినపడుతుంది, ఒకరికోసం ఒకరు ప్రార్థించండని యాకోబు రాశాడు, కానీ చనిపోయినవాళ్లతో మాట్లాడమని ఎక్కడ రాశాడు? కథోలికులు మక్కబీయుల రెండో గ్రంథం 15వ అధ్యాయం చూపిస్తారు. చనిపోయిన యిర్మీయా ప్రజలకోసం ప్రార్థిస్తున్నట్టు అక్కడ దర్శనం ఉంది. ప్రొటెస్టెంటు బైబిల్లో ఆ పుస్తకమే లేదు. చివరికి చర్చ ఏ బైబిలు అన్న దగ్గర ఆగిపోతుంది. ఏ పక్షం గెలిచిందని చెప్పడం నా పని కాదు గానీ, ‘విగ్రహారాధన’ అన్న మాటను జేబులో పెట్టుకుని తిరిగేవాళ్లు ఈ రెండు వాదనల్నీ విననే లేదని మాత్రం చెప్పగలను.

రోము లోపల కూడా అందరిదీ ఒకే మాట కాదు. రెండో వాటికన్ మహాసభలో మరియ గురించి విడిగా పత్రం రాయాలా, సంఘం గురించిన పత్రంలోనే ఒక అధ్యాయం చేయాలా అన్న దానిమీద 1963 అక్టోబరు 29న ఓటింగు జరిగింది. అధ్యాయం చాలన్నవాళ్లు 1,114 మంది, వద్దన్నవాళ్లు 1,074 మంది. మహాసభ మొత్తంలో ఇంత దగ్గరి ఓటు ఇంకోటి లేదంటారు. అలా మరియ సంఘంలో భాగంగా, 1964 పత్రంలో ఎనిమిదో అధ్యాయమైంది. 2025 నవంబరు 4న వాటికన్ విశ్వాస సిద్ధాంత శాఖ ఇచ్చిన పత్రం మరియకు ‘సహరక్షకురాలు’ అన్న బిరుదు వాడడం తగదంది. క్రీస్తు ఒక్కడే మధ్యవర్తి అన్న దానికి మసక రాకూడదన్నది కారణం. అందుకు ఆధారంగా చూపినవాటిలో తిమోతి పత్రికలోని అదే వచనం ఉంది.

ప్రొటెస్టెంట్లలో కొందరు దీన్ని రోము తమ దారికొచ్చినట్టు చదువుకున్నారు. అది తొందరపాటు. మరియకు ఎంతవరకు పేరు పెట్టవచ్చన్నది ఆ పత్రం విషయం. ఆమెను అసలు అడగవచ్చా అన్నది ప్రొటెస్టెంట్ల ప్రశ్న. దాని మీద రోము 1563లో అన్న మాటను మార్చలేదు, ఆగ్స్‌బర్గ్ ఒప్పుకోలులో 21వ అంశమూ మారలేదు.