మార్మన్ స్త్రీలు కట్టుకున్న హాళ్లు: అపోహలు, వాస్తవాలు

పాత కట్టడాల చరిత్ర నా రంగం. అమెరికాలో మార్మన్లు, అంటే జోసెఫ్ స్మిత్ స్థాపించిన క్రైస్తవ మతశాఖ వాళ్లు, స్థిరపడిన యూటా ప్రస్తావన వస్తే చాలు, ఈ మాటలు వినబడతాయి.

అపోహ: మార్మన్ స్త్రీల బతుకు తెలియాలంటే స్మిత్ తర్వాత మార్మన్లను నడిపించిన బ్రిగమ్ యంగ్ భార్యలుండిన లయన్ హౌస్ చూస్తే చాలు.

వాస్తవం: 1856 నాటి ఆ ఇల్లు సాల్ట్ లేక్ సిటీలో ఇప్పటికీ ఉంది. చూడాల్సిందే. కానీ ఆ ఇంట్లోనే ఉంటూ, యంగ్ భార్యల్లో ఒకరైన ఎలైజా స్నో ఊరూరా తిరిగి రిలీఫ్ సొసైటీ అనే మార్మన్ స్త్రీల సేవాసంఘానికి శాఖలు పెట్టించారు. ఆమె పని ఆ గోడల బయట జరిగింది.

అపోహ: వాళ్లు చర్చి ఇచ్చిన గదుల్లోనే కూడేవారు.

వాస్తవం: నాకు అన్నిటికన్నా ఇష్టమైన కట్టడం ఇక్కడే వస్తుంది. 1868 నవంబరులో సాల్ట్ లేక్ సిటీలో పదిహేనో వార్డు (మార్మన్ చర్చి స్థానిక విభాగం) రిలీఫ్ సొసైటీ శాఖ అధ్యక్షురాలు సారా కింబాల్ వెండి తాపీ పట్టి సొంత హాలుకు పునాదిరాయి వేశారు. కింద వ్యాపారం, పైన సమావేశాలు. 1842లో ఇల్లినాయ్‌లోని నావూలో ఈ సొసైటీ పుట్టింది కూడా ఒక దుకాణం మేడమీదే. అయితే అది జోసెఫ్ స్మిత్ దుకాణం. ఇక్కడ దుకాణమూ మేడా రెండూ స్త్రీలవే. నా దృష్టిలో అసలు మార్పు అదే. కింది అంతస్తు రాబడి ఉంటే పై అంతస్తులో మాట్లాడటానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

1870 జనవరి 6న బహుభార్యత్వాన్ని అణచాలన్న కల్లమ్ బిల్లు మీద నిరసనకు వాళ్లు కూడింది ఆ హాల్లోనే. వారం తిరిగేసరికి పాత టాబర్నకిల్ అనే చర్చి సభామందిరంలో వేలమంది స్త్రీలు సభ జరిపారు. వాళ్లు వెనకేసుకొచ్చింది బహుభార్యత్వాన్నే. అది ఈనాటి మనకు మింగుడుపడకపోయినా దాచకుండా చెప్పాలి.

అపోహ: యూటా స్త్రీలకు ఓటు వచ్చాక ఇక వెనక్కి చూడలేదు.

వాస్తవం: 1870 ఫిబ్రవరిలో వచ్చిన ఓటును 1887లో అమెరికా పార్లమెంటు అయిన కాంగ్రెస్ లాగేసుకుంది. 1896లో యూటాకు రాష్ట్ర హోదాతో పాటు మళ్లీ వచ్చింది. ఆ ఏడాదే డాక్టర్ మార్తా హ్యూస్ కానన్ దేశంలో తొలి మహిళా రాష్ట్ర సెనేటర్‌గా గెలిచారు. ఓడిన అభ్యర్థుల్లో ఆమె భర్త కూడా ఉన్నారు.

అపోహ: రిలీఫ్ సొసైటీ స్త్రీల గోధుమ గాదెలను కట్టడాలుగా లెక్కించనక్కర్లేదు.

వాస్తవం: 1876 నుంచి స్త్రీలు కరువు భయంతో గింజ గింజా కూడబెట్టారు. ఆ నిల్వలోంచే 1906 భూకంపానికి కూలిన శాన్ ఫ్రాన్సిస్కోకు పిండి వెళ్లింది. 1918లో మిగిలిన గోధుమలను యుద్ధకాలపు అమెరికా ప్రభుత్వం వాళ్ల దగ్గరే కొనుక్కుంది.