మ్యాప్‌లో ఎర్రగా పడితే పొలం పోతుందా? వన్యప్రాణుల ప్రయారిటీ ఏరియాలు: అపోహలు - వాస్తవాలు

పోయిన నెల బద్వేలు వైపు నుంచి ఒక రైతన్న ఫోన్ చేశాడు. "సార్, మా ఊరు ఎర్ర గడిలో పడిందంట, ఇంక రిజిస్ట్రేషన్లు ఆపేస్తారంట, వచ్చిన రేటుకి అమ్మేసేదా?" అని. గొంతు వణుకుతా ఉంది పాపం. వన్యప్రాణుల సర్వే పనిలో ఉన్న నాకు ఇలాంటి ఫోన్లు కొత్త కాదు, ప్రమాదంలో ఉన్న జంతువుల కోసం ముందు చూడాల్సిన చోట్లని, అంటే ప్రయారిటీ ఏరియాలని, ఎర్ర గడుల్లో చూపే ప్రపంచ మ్యాప్ ఎవడో వాట్సాప్‌లో పడేస్తాడు, సగం ధరకి కొనేవాళ్లు వెనకాలే దిగుతారు.

అపోహ: ప్రయారిటీ ఏరియా అంటే భూసేకరణ.

కాదు, కాదు, కాదు. ఆ మ్యాప్ ఎలా తయారవుతుందో చూడండి. ఐయూసీఎన్ అనే అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంస్థ తయారుచేసే రెడ్ లిస్ట్‌లో ప్రమాదంలో ఉన్న ఒక్కో జంతువుకి అది తిరిగే పరిధి గీసి ఉంటుంది, వాటన్నిటినీ ఒకదాని మీద ఒకటి పేర్చి, భూమిని గడులుగా కోసి, ఏ గడి పోతే ఎన్ని జంతువులకి వేరే దిక్కు లేదో లెక్క కడతాం. గడి 50 కిలోమీటర్ల అడ్డం, 50 నిలువు అనుకోండి, ఆరు లక్షల ఎకరాల పైమాటే! అందులో అడవీ ఉంటుంది, మీ ఊరి బస్టాండూ ఉంటుంది. పైగా పరిధి గీతలో ఉన్న ప్రతిచోటా ఆ జంతువు ఉండదు. అందుకే ఆ గడి చూశాక కూడా మేం కాలినడకన సర్వే చెయ్యాల్సిందే. ఎక్కడ వెతకాలో చెప్పేదే ఆ మ్యాప్, చట్టం కాదు. మన దేశంలో శాంక్చురీ చెయ్యాలంటే 1972 వన్యప్రాణి చట్టం కింద నోటిఫికేషన్ రావాలి, కలెక్టర్ జనం హక్కుల మీద విచారణ చెయ్యాలి.

అపోహ: జంతువులు ఎక్కువున్న పచ్చటి అడవే ముఖ్యం, ముళ్లకంప వేస్టు.

కలివి కోడి అనే అరుదైన పిట్ట సంగతి తెలుసుగా. 1900 తర్వాత ఎవరికీ కనపడలేదు, పోయిందనుకున్నారు, 1986లో కడప జిల్లా చిట్టడవిలో దొరికింది. దానికి పొద పొదకీ మధ్య ఖాళీ నేల కావాలి, మరీ చిక్కబడినా కుదరదు, మొత్తం నరికేసినా కుదరదు. ట్రైనింగ్ రోజుల్లో మేం మట్టి జల్లించి పొదల మధ్య పట్టీలుగా పరిచి, తెల్లారి అడుగుల కోసం మోకాళ్ల మీద వంగి చూసేవాళ్లం. వారం రోజులు గొర్రె డెక్కలే. పక్కనే గొర్రెలు కాసే పెద్దాయన, "ఈ జాగా దున్నేస్తే ఆ పిట్ట యాడికి పోతాది నాయనా" అన్నాడు. మేం లెక్కల్లో వెతికేది సరిగ్గా ఆ ప్రశ్నకి జవాబే. 2013లో ప్రపంచంలోని రక్షిత ప్రాంతాలన్నిటినీ ఇలా పోలిస్తే ప్రమాదంలో ఉన్న జీవుల విషయంలో మొదటి స్థానం కొలంబియాలోని సియెర్రా నెవాడా డి సాంటా మార్టాకి వచ్చింది, వేరే ఎక్కడా లేని జీవులు అక్కడ అన్ని ఉన్నాయి మరి.

అపోహ: హాట్‌స్పాట్ లిస్టులో లేకపోతే ఆ చోటుకి విలువ లేదు.

హాట్‌స్పాట్లంటే జీవవైవిధ్యం బాగా ఉండి, ముప్పులో కూడా ఉన్నాయని ప్రపంచంలో గుర్తించిన 36 ప్రాంతాలు. వాటికి కొలత మొక్కలు: అక్కడే పెరిగేవి 1,500 జాతులుండాలి, సహజ వృక్షసంపద 70 శాతం పోయి ఉండాలి. తూర్పు కనుమలు అందులో లేవు, కలివి కోడి ఉన్నది అక్కడే.

ఆ రైతన్నకి చెప్పిందే మీకూ చెప్తున్నా. భూమి పోతుందని ఎవరన్నా అంటే గెజిట్ నోటిఫికేషన్ నంబర్ అడగండి, అది పట్టుకుని తాసిల్దార్ ఆఫీసులో, అటవీ శాఖ డీఎఫ్‌ఓ ఆఫీసులో కనుక్కోండి. నంబర్ చెప్పలేకపోతే అడ్వాన్స్ మాత్రం తీసుకోవద్దు.