తాలూకాలు పోయినా కోడ్‌లు పోలేదు

2025 ఫిబ్రవరిలో టెలికం నియంత్రణ సంస్థ ట్రాయ్ ఒక సిఫారసు చేసింది. ల్యాండ్‌లైన్ నుంచి ల్యాండ్‌లైన్‌కు ఎక్కడికి ఫోన్ చేసినా ముందు సున్నా, తర్వాత ఎస్టీడీ కోడ్, ఆ తర్వాతే నంబర్ కొట్టాలన్నది దాని సారాంశం. అమలైతే హనుమకొండ చౌరస్తాలోని ఆఫీసు నుంచి వరంగల్ స్టేషన్ రోడ్డులోని దుకాణానికి చేసినా 0870 కొట్టాల్సిందే. ఇన్నేళ్లూ ఏడంకెలతో సరిపోయిన పని అది.

ల్యాండ్‌లైన్ ఉన్న ఇల్లు ఇప్పుడు వీధికి ఒకటి కనిపిస్తే గొప్పే కాబట్టి ఈ వార్తను పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. కానీ ఆస్పత్రుల బోర్డుల మీద, కాలేజీల లెటర్‌హెడ్‌ల మీద, కలెక్టరేట్ గోడల మీద ఆ 0870 ఇంకా ఉంది. జనగామ వాళ్లకు 08716, ములుగు వాళ్లకు 08715. ఈ అంకెలు లాటరీ తీసి ఇచ్చినవి కావు. వీటిని వరుసగా పేర్చి చూస్తే ఉత్తర తెలంగాణ పాత రెవెన్యూ మ్యాపు కళ్ల ముందుకొస్తుంది.

కోడ్‌లు రాకముందు ట్రంక్ కాల్ ఉండేది. ఎక్స్ఛేంజీకి ఫోన్ చేసి, ఫలానా ఊరు, ఫలానా నంబర్ అని చెప్పి బుక్ చేసుకుని కూర్చోవాలి. ఆర్డినరీ అయితే గంటలు పట్టేది, అర్జెంట్ అయితే చార్జీ ఎక్కువ, లైట్నింగ్ అయితే ఇంకా ఎక్కువ. మధ్యలో ఆపరేటర్ ఒక్కో ఊరి ఎక్స్ఛేంజీని పిలిచి లైన్ కలిపేవారు. ఆపరేటర్ ప్రమేయం లేకుండా మనమే నేరుగా వేరే ఊరికి డయల్ చేసే ఎస్టీడీ మన దేశంలో 1960లో కాన్పూర్, లక్నోల మధ్య మొదలైంది. అయితే మనిషి తన చెవితో విని "వరంగల్" అని అర్థం చేసుకున్న చోట యంత్రానికి అంకెలే కావాలి. అందుకే ప్రతి ప్రాంతానికీ ఒక కోడ్ వచ్చింది.

టెలికం శాఖ దేశాన్ని దూరపు చార్జీల ప్రాంతాలుగా, వాటిని మళ్లీ దగ్గరి చార్జీల ప్రాంతాలుగా విభజించింది. పెద్దది సుమారుగా జిల్లా, చిన్నది సుమారుగా తాలూకా. చిన్నవి దేశమంతా కలిపి 2,600 పైచిలుకు. ఒక్కో చిన్న ప్రాంతానికి ఒక్కో ఎస్టీడీ కోడ్. పాత వరంగల్ జిల్లాకు 0871 కుటుంబం దక్కింది: చేర్యాల 08710, పరకాల 08713, ములుగు 08715, జనగామ 08716, ఏటూరునాగారం 08717, నర్సంపేట 08718, మహబూబాబాద్ 08719. కరీంనగర్‌కు 0872 కుటుంబం: సిరిసిల్ల 08723, జగిత్యాల 08724, హుజూరాబాద్ 08727, పెద్దపల్లి 08728, మంథని 08729. ఆదిలాబాద్‌కు 0873, ఖమ్మానికి 0874. నిజామాబాద్ మాత్రం మెదక్‌తో పాటు 084 వైపు వెళ్లింది.

జిల్లా కేంద్రాల కోడ్‌లలో చివరి అంకె చూడండి. ఆదిలాబాద్ 08732, ఖమ్మం 08742, నిజామాబాద్ 08462, నల్గొండ 08682, మహబూబ్‌నగర్ 08542. అన్నీ 2తోనే ముగుస్తాయి. వరంగల్ కూడా మొదట 08712, కరీంనగర్ 08722.

1985లో ఎన్టీఆర్ ప్రభుత్వం తాలూకాలను తీసేసి మండలాలు తెచ్చింది. కోడ్‌లు కదల్లేదు. 2016 అక్టోబరు 11న కొత్త జిల్లాలు వచ్చాయి, పాత వరంగల్ జిల్లా ముక్కలైంది, ములుగు 2019లో వేరే జిల్లా అయింది. అప్పుడూ కదల్లేదు. దాంతో ఇప్పుడు సిద్దిపేట జిల్లాలో విచిత్రమైన పరిస్థితి. సిద్దిపేట పట్టణానిది మెదక్ వైపు 08457, చేర్యాలది వరంగల్ వైపు 08710, హుస్నాబాద్‌ది కరీంనగర్ వైపు 08721. ఒకే కలెక్టర్ కింద మూడు కుటుంబాల కోడ్‌లు. జిల్లా ఎటు పోయిందో టెలిఫోన్ శాఖకు చెప్పినవాళ్లు లేరు, చెప్పినా మార్చడం తేలిక కాదు. ఎందుకో తెలియాలంటే వరంగల్ కోడ్ మారిన తీరు చూడాలి.

08712 ఉన్న రోజుల్లో వరంగల్ నంబర్లు అయిదంకెలు. కనెక్షన్లు పెరిగేకొద్దీ అంకెలు పెంచక తప్పలేదు. సున్నాతో మొదలైతే ట్రంక్ లైను, 1తో మొదలైతే 100, 198 లాంటి ప్రత్యేక సేవలు. కాబట్టి మామూలు నంబర్ 2 నుంచి 9 లోపు అంకెతోనే మొదలవ్వాలి. ఆ లెక్కన ఆరంకెల్లో గరిష్ఠంగా 8 లక్షల నంబర్లు, ఏడంకెల్లో 80 లక్షలు, ఎనిమిదంకెల్లో 8 కోట్లు వస్తాయి. 2003 నాటి జాతీయ నంబరింగ్ ప్రణాళికలో సున్నాను వదిలేస్తే కోడ్, నంబర్ కలిపి పది అంకెలు అన్న లెక్క ఖాయమైంది. నంబర్ ఒక అంకె పెరగాలంటే కోడ్ ఒక అంకె తగ్గాలి. అందుకే హైదరాబాద్‌కు రెండంకెల కోడ్, ఎనిమిదంకెల నంబర్. వరంగల్‌కు మూడు, ఏడు. జనగామకు నాలుగు, ఆరు.

మరి 8712లో చివరి 2 తీసేసి 871 అని ఇవ్వొచ్చు కదా? కుదరదు. ఎక్స్ఛేంజీ అంకెలను ఒక్కొక్కటిగా అందుకుంటూ దారి నిర్ణయిస్తుంది. 871 అంటే వరంగల్ అని పెడితే 8716 కొట్టే జనగామ కాల్ మూడో అంకె దగ్గరే వరంగల్‌కు మళ్లిపోతుంది. ఒక కోడ్ మరో కోడ్‌కు మొదటి భాగంగా ఉండకూడదన్నది ఈ వ్యవస్థలో అన్నిటికంటే గట్టి నియమం. 871 కిందంతా తాలూకాలు నిండి ఉన్నాయి, 870 ఖాళీగా ఉంది. కరీంనగర్‌దీ అదే కథ. 872 కింద చోటు లేక 0878 వచ్చింది. హైదరాబాద్ పాత కోడ్ 0842. దాన్ని 84కు కుదించాలంటే నిజామాబాద్, మెదక్ అడ్డం. 80 అప్పటికే బెంగళూరుది. చివరికి 8ల ఇల్లు వదిలి, తమిళనాడు, కేరళల 4ల ఇంట్లో చేరి 040 అయింది.

ఖాళీ అయిన 8712 ఏమైందంటే, తర్వాత సెల్ నంబర్లలో తేలింది. తెలంగాణ పోలీసుల అధికారిక సెల్ నంబర్లు చాలావరకు 87126తో మొదలవుతాయి. ఒకప్పటి వరంగల్ కోడ్ ఇప్పుడు రాష్ట్రమంతటి పోలీస్ స్టేషన్ల బోర్డుల మీద ఉంది. ఇది ఎవరో అనుకుని చేసింది కాదు గానీ, గమనిస్తే సరదాగా ఉంటుంది.

ఇక కాల్ ఎలా వెళ్తుందో జనగామ నుంచి వరంగల్‌కు చేసి చూద్దాం. మొదటి సున్నా కొట్టగానే అక్కడి ఎక్స్ఛేంజీకి ఇది తన ఊరి కాల్ కాదని తెలుస్తుంది, ట్రంక్ ఎక్స్ఛేంజీకి అప్పగిస్తుంది. 870తో దారి వరంగల్‌కు తేలుతుంది. తర్వాతి 2 బీఎస్ఎన్ఎల్‌ది. ప్రైవేటు కంపెనీలు వచ్చాక ఎవరి కస్టమరో తెలియడానికి పాత నంబర్లన్నిటి ముందూ 2000ల మొదట్లో ఈ 2 తగిలించారు. ఆ తర్వాతి అంకెలు ఏ ఎక్స్ఛేంజీయో చెబుతాయి, చివరి నాలుగూ ఇంటి లైను. విదేశం నుంచి చేస్తే 91 ఆ సున్నా పని చేసేస్తుంది కాబట్టి సున్నా ఉండకూడదు. గల్ఫ్ నుంచి ఇంటికి 0091 తర్వాత 0870 కొట్టి, కాల్ కలవక తిట్టుకున్నవాళ్లు మన దగ్గర తక్కువేం కాదు.

గల్ఫ్ మాట వచ్చింది కాబట్టి ఎస్టీడీ బూత్ గురించి చెప్పాలి. జగిత్యాల, మెట్‌పల్లి, ఆర్మూర్ బస్టాండ్ల దగ్గర అద్దాల గది, పసుపు బోర్డు, ఫోన్ పక్కన ఎర్రటి అంకెలతో మీటర్. దుబాయ్‌కి 00971, సౌదీకి 00966, కువైట్‌కు 00965 బూత్‌వాళ్లకు నోటికి వచ్చు. మాట్లాడేవాళ్ల కళ్లు మాత్రం మీటర్ మీదే. అవతల కొడుకు బాగోగులు చెబుతుంటే ఇవతల తల్లి "సరే బిడ్డా, బిల్లయితాంది" అనేది. మీటర్ ఎంత వేగంగా తిరగాలో నిర్ణయించింది కూడా ఈ కోడే. రెండు కోడ్‌ల మధ్య దూరం చూసి పల్స్ వేగం పెట్టేవారు. రాత్రి 11 దాటితే పావు చార్జీ, అందుకే ఆ వేళకు బూత్ ముందు క్యూ. తర్వాత సమీప ప్రాంతాలకు సున్నాకు బదులు 95 కొడితే తక్కువ చార్జీ పడే ఏర్పాటూ వచ్చింది. 2006 మార్చి 1న వన్ ఇండియా ప్లాన్‌తో దేశంలో ఎక్కడికైనా నిమిషానికి రూపాయి అయ్యాక, కోడ్‌కు, దూరానికి ఉన్న డబ్బు బంధం తెగిపోయింది.

సెల్ నంబర్‌కు తాలూకా లేదు, సర్కిల్ ఒక్కటే. సర్కిల్ అంటే సుమారుగా ఒక రాష్ట్రమంత టెలికం లైసెన్సు ప్రాంతం. మొదటి అంకెలు కంపెనీని, సర్కిల్‌ను చెప్పేవి. 94400 చూస్తే బీఎస్ఎన్ఎల్ అని తెలిసిపోయేది. 2011 జనవరిలో దేశమంతటా నంబర్ మార్చకుండా కంపెనీ మారే సౌకర్యం వచ్చింది, 2015 జులైలో సర్కిల్ దాటినా అదే నంబర్ ఉంచుకునే వీలు కలిగింది. దాంతో ఆ ఆనవాలూ పోయింది. 2021 జనవరి 15 నుంచి ల్యాండ్‌లైన్ నుంచి సెల్‌కు చేస్తే ముందు సున్నా తప్పనిసరి చేశారు. ఒక్క సున్నాతో ఇది లోకల్ నంబర్ కాదని ఎక్స్ఛేంజీకి ముందే తెలుస్తుంది కాబట్టి, కొత్తగా 250 కోట్లకు పైగా సెల్ నంబర్లకు చోటు దొరుకుతుందని లెక్క.

ట్రాయ్ 2025 సిఫారసు దీనికి కొనసాగింపు. ల్యాండ్‌లైన్ నంబర్ల కేటాయింపును తాలూకా స్థాయి నుంచి తీసి లైసెన్స్ సర్కిల్ స్థాయికి తేవాలంటోంది. ఒక చోట నంబర్లు చాలక, ఇంకో చోట వేలకు వేలు మురిగిపోవడం దీనితో తప్పుతుంది. ఉన్న నంబర్లు మారవు. ఇందులో మనవాళ్లు చూడాల్సిన సంగతి ఇంకొకటి ఉంది. టెలికం లైసెన్సుల లెక్కలో తెలంగాణ పేరుతో సర్కిల్ లేదు. 2014లో రాష్ట్రం విడిపోయినా ఆ పట్టికలో రెండు రాష్ట్రాలూ కలిసి ఇప్పటికీ ఆంధ్రప్రదేశ్ సర్కిలే.