కంప్యూటర్ల మధ్య వీడియో కాల్స్‌లో గేట్‌కీపర్ (కాల్‌కు అనుమతిచ్చి, అవతలి అడ్రస్ చెప్పే సర్వర్) లేకపోయినా కాల్ వెళ్లేది. ఉంటే మాత్రం అడగాల్సిందే!

1999లో వచ్చిన మైక్రోసాఫ్ట్ నెట్‌మీటింగ్ 3 అనే వీడియో కాల్ సాఫ్ట్‌వేర్ వాడినవాళ్లకు సెట్టింగ్స్‌లో ఒక చిన్న గడి గుర్తుండవచ్చు: కాల్ చేయడానికి గేట్‌కీపర్ వాడాలా? చాలామంది దాన్ని ముట్టుకోలేదు. టిక్ పెట్టకపోయినా అవతలివాళ్ల ఐపీ అడ్రస్ కొడితే కాల్ వెళ్లేది.

అంతకుముందు వీడియో కాన్ఫరెన్స్ అంటే ఐఎస్‌డీఎన్ అనే డిజిటల్ ఫోన్ లైన్లే. ఒక్కో చానెల్‌కు సెకనుకు 64 కిలోబిట్లు, కాల్ నడిచినంతసేపూ అది మీ సొంతం. కలిపే పని టెలిఫోన్ ఎక్స్చేంజ్ చూసుకునేది. 1996లో ఐటీయూ (అంతర్జాతీయ టెలికాం సంస్థ) ఇదే పనిని ఆఫీసు నెట్‌వర్క్ మీదికి తెస్తూ హెచ్.323 ప్రమాణం ఇచ్చింది. నాణ్యతకు హామీ లేని లోకల్ నెట్‌వర్క్‌ల కోసం అని దాని పేరులోనే ఒప్పుకుంది. ఒకే బిల్డింగ్‌లో రెండు కంప్యూటర్లు 1720 పోర్టులో (కాల్స్ కోసం కేటాయించిన ద్వారంలో) నేరుగా మాట్లాడుకుంటుంటే మధ్యలో మూడోవాడెందుకు? అందుకే గేట్‌కీపర్ తప్పనిసరి కాదన్నారు.

కానీ హామీ లేని చోట పది మంది ఒకేసారి వీడియో తెరిస్తే అందరి బొమ్మా ముక్కలవుతుంది. ఎవరో ఒకరు 'ఇక చాలు' అనాలి. అందుకని ఇంకో షరతు పెట్టారు: గేట్‌కీపర్ అంటూ ఉంటే, దాని పరిధిలోని ప్రతి యంత్రమూ అక్కడ రిజిస్టర్ కావాలి. ఫలానా నంబరుకు, ఇంత బ్యాండ్‌విడ్త్‌తో వెళ్లనా అని ముందే అడగాలి. సరేనంటే అడ్రస్ చెబుతుంది, కాదంటే కాల్ లేదు. అపార్ట్‌మెంట్‌కు వాచ్‌మన్ ఉండాలన్న రూలేమీ లేదు. పెట్టుకున్నాక మాత్రం రిజిస్టర్‌లో రాయనిదే లిఫ్ట్ దాకా పోనివ్వడు.

నన్నడిగితే అసలు తిరకాసు ఆ తర్వాత ఉంది. కాల్‌ను కలిపే, ముగించే సంకేతాలు తన గుండా పోవాలా, రెండు యంత్రాల మధ్య నేరుగా పోవాలా అన్నది గేట్‌కీపర్ ఇష్టానికే వదిలేశారు. దాంతో ఒక గేట్‌కీపర్ అడ్రస్ చెప్పి తప్పుకునేది, ఇంకొకటి కాల్ మొదలు నుంచి చివరి దాకా పట్టుకుని కూర్చునేది. ఒకే పేరుతో రెండు వేర్వేరు ఉద్యోగాలన్నమాట.

1998 నాటి హెచ్.323 రెండో రూపంలో పేరులోంచి 'లోకల్ నెట్‌వర్క్' మాట పోయింది. బయట లోకం వేరుగా ఉంది. డయల్-అప్‌లో ప్రతిసారీ కొత్త ఐపీ అడ్రస్. ఆఫీసుల్లో ఫైర్‌వాల్ (బయటి నుంచి వచ్చే కనెక్షన్లను ఆపే అడ్డుగోడ), లోపలున్న యంత్రానికి బయటివాళ్లు నేరుగా రింగ్ ఇవ్వలేరు. లోపలి యంత్రమే బయటున్న సర్వర్‌తో తలుపు తెరిచి ఉంచుకోవాలి. 2005 ప్రాంతంలో హెచ్.460.18, హెచ్.460.19 అనే అనుబంధ ప్రమాణాలు ఈ పద్ధతికే రూపమిచ్చాయి. కాగితం మీద మాత్రం గేట్‌కీపర్ అప్పటికీ తప్పనిసరి కాదు.

1999లోనే వచ్చిన సిప్ అనే మరో కాల్ ప్రమాణంలోనూ ఇదే వరస: రెండు ఫోన్లు నేరుగా మాట్లాడుకోవచ్చు, వాడకంలో మాత్రం రిజిస్ట్రార్ (ఎవరు ఎక్కడున్నారో రాసుకునే సర్వర్), ప్రాక్సీ (కాల్‌ను అటు చేరవేసే సర్వర్) ఉంటాయి. 2011లో గూగుల్ బయటపెట్టిన వెబ్‌ఆర్‌టీసీ (బ్రౌజర్లలోనే కాల్స్ చేసుకునే సాంకేతికత) అయితే ఆ మధ్యవర్తి ఊసే ఎత్తలేదు. రెండు బ్రౌజర్లు ఒకదాన్నొకటి ఎలా వెతుక్కోవాలో యాప్ తయారుచేసినవాళ్లకే వదిలేసింది. వాళ్లు తలా ఒక సర్వర్ పెట్టుకున్నారు.