అనుమానపు పక్షి

ఎవర్నీ ఒక పట్టాన నమ్మని మనిషిని అనుమానపు పక్షి అంటాం. గుంటూరులో అయినా, కృష్ణ దాటి విజయవాడ వెళ్లినా ఇదే మాట. తమాషా ఏమిటంటే, ఈ ఎత్తిపొడుపులో ఉన్న ‘అనుమానం’ పుట్టుకతో చాలా పెద్దింటి మాట.

సంస్కృతంలో అనుమానమంటే కనబడినదాన్ని పట్టుకుని కనబడనిదాన్ని తేల్చుకోవడం. మన పాత తర్కశాస్త్రమైన న్యాయ దర్శనం ఒప్పుకున్న 4 ప్రమాణాల్లో, అంటే నిజం తెలుసుకునే దారుల్లో, ప్రత్యక్షం (కళ్లారా చూడటం లాంటిది) తర్వాతి పీట దీనిదే. కొండ మీద పొగ లేస్తోంది, కాబట్టి అక్కడ నిప్పుంది. వంటింట్లో రోజూ చూస్తున్నదే కదా! 17వ శతాబ్దంలో మన తెలుగువాడు అన్నంభట్టు తర్కసంగ్రహం అనే పుస్తకంలో చెప్పిన ఉదాహరణా ఇదే. ఆ తర్కంలో మన ‘డౌటు’కి వేరే పేరుంది: సంశయం. మసక వెలుతురులో ఆ నిలబడ్డది మోడా, మనిషా అని ఊగిసలాడటం సంశయం. దాన్ని తీర్చేది అనుమానం. హిందీలో ఈనాటికీ వాతావరణ శాఖవాళ్లు వాన గురించి చెప్పేది ‘అనుమాన్’ అంటే అంచనాయే. తెలుగులోనూ కన్నడంలోనూ మాత్రం తీర్చేదాని పేరు పోయి తీరనిదానికి అంటుకుంది.

నాకైతే ఇదేం వింతగా లేదు. కళ్లారా చూడకుండా తేల్చుకున్నదాంట్లో ఏదో ఒక లొసుగు ఉండే వీలుంది, మాట అటు జారి ఉంటుంది. ఆ లొసుగు సంగతి తార్కికులకూ బాగా తెలుసు. పొగమంచును చూసి పొగ అనుకోవచ్చు. పొగ ఉంటే నిప్పుంటుంది గానీ, నిప్పున్న చోటల్లా పొగ ఉంటుందని తిరగేస్తే చెల్లదు. ఎర్రగా కాలిన ఇనుప గుండులో పొగేది? పొగ రావాలంటే తడి కట్టె తగలాలి.

గుంటూరు మిర్చి యార్డులో కొనేవాడు పైన మెరిసే కాయను చూసి ధర చెప్పడు. టిక్కీలో, అంటే మిర్చి బస్తాలో, లోపలికంటా చెయ్యి పెట్టి అడుగు కాయ తీస్తాడు, తాలు (రంగు పోయిన నాసి కాయ) ఉందేమో చూస్తాడు, చెవి దగ్గర ఊపుతాడు. బాగా ఎండిన కాయలో గింజ గలగలమంటుంది. తేమ ఉంటే కాయ విరగదు, మెత్తగా వంగుతుంది. రైతుకి ఒళ్లు మండొచ్చు గానీ, ఇతను అనుమానపు పక్షి కాదు. కాయ ఫెళ్లున విరిగితే అతని అనుమానమూ అక్కడితో సరి.

అసలు మెదడు ఇంత తొందరగా ఎందుకు శంకిస్తుంది? అమెరికన్ సైకియాట్రిస్టు రాండాల్ఫ్ నెస్సీ చెప్పిన కారణంలోనూ పొగే ఉంది. పోపు ఘాటుకి స్మోక్ అలారం ఉత్తినే మోగితే కాసేపు చికాకు, అంతే. నిజంగా అంటుకున్నప్పుడు మోగకపోతే కొంపే పోతుంది. అందుకే దాన్ని ఎక్కువసార్లు మోగేలాగే పెడతారు. ప్రాణభయం విషయంలో జీవపరిణామం మనల్నీ అలాగే తయారుచేసింది అంటాడాయన.

ఇది ముదిరితే లెక్క తిరగబడుతుంది. ఆధారం దొరక్కపోతే ‘ఎంత గుట్టుగా దాచారో చూడు’ అనడం మొదలవుతుంది, అంటే పొగ లేకపోవడమే నిప్పుకి రుజువు. జీవిత భాగస్వామి మీద ఇలా పాతుకుపోయే భ్రాంతికి 1955లో టాడ్, డ్యూహర్స్ట్ అనే వైద్యులు ఒథెల్లో సిండ్రోమ్ అని పేరు పెట్టారు, షేక్‌స్పియర్ నాటకంలోని భర్తను తలుచుకుని. ఫోన్ చేతికిచ్చి కాల్ లిస్టంతా చూపించినా ఇది తగ్గదు. సైకియాట్రిస్టు దగ్గరికి తీసుకెళ్లాల్సిందే.